సొంత పెళ్లి క్యాసెట్‌కు ‘కాపీ రక్షణ’ అడ్డు ఎందుకు? పాత వీడియోలను డిజిటల్ రూపంలోకి మార్చడం ఎలా?

ఇంట్లో జరిగిన పెళ్లి వీడియో క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుండగా ‘ఈ వీడియోకు కాపీ రక్షణ ఉంది’ అనే సందేశం వస్తుంది. రికార్డింగ్ అక్కడితో ఆగిపోతుంది. నిజానికి ఆ క్యాసెట్‌లో ఎవరూ ఏ రక్షణా పెట్టలేదు. ఇలాంటి సందర్భాల్లో ఎక్కువగా ఉండేది హక్కుల సమస్య కాదు. అరిగిన టేపు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పరికరం పొరబడి కాపీ రక్షణగా గుర్తిస్తుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి చోట్ల ఈ సమస్యకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు, యార్డు పనుల కోసం తెలుగు నేల నుంచి వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా ఆ పట్టణంలో ఉంటున్నాయి. తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అయితే అక్కడి తెలుగువారి మాట తీరు, పెళ్లి తంతు, పెద్దల గొంతు వినిపించే ఆధారాలు గ్రంథాలయాల కన్నా ఇళ్లలోని బీరువాల్లోనే ఎక్కువ. పదవీ విరమణ తర్వాత రైల్వే క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు పాత సామానుతో పాటు క్యాసెట్లూ పోయే ప్రమాదం ఉంది.

అసలు ఈ రక్షణ ఏమిటి?

సినిమా క్యాసెట్లను నకలు తీయకుండా ఆపేందుకు 1980లలో ‘మాక్రోవిజన్’ అనే విధానం వచ్చింది. 1985లో వీడియోగా విడుదలైన ‘ది కాటన్ క్లబ్’ చిత్రంతో ఇది వాడుకలోకి వచ్చింది.

టీవీ చిత్రం గీతల రూపంలో తెరపైకి వస్తుంది. ఒక చిత్రం ముగిసి మరొకటి మొదలయ్యే మధ్యలో తెరపై కనిపించని కొన్ని గీతలు ఉంటాయి. మాక్రోవిజన్ ఆ గీతల్లో దొంగ స్పందనలను చొప్పిస్తుంది. వాటి వల్ల రికార్డు చేసే వీసీఆర్ సంకేత బలాన్ని తప్పుగా అంచనా వేస్తుంది. నకలులో బొమ్మ ఒకసారి వెలిగి, ఒకసారి మసకబారుతుంది.

తర్వాత వచ్చిన డిజిటల్ క్యాప్చర్ పరికరాల్లో చాలావాటిని ఈ స్పందనలు కనిపించగానే రికార్డింగ్ ఆపేలా తయారుచేశారు. పాత టేపులో అయస్కాంత పూత రాలినా, ట్రాకింగ్ కుదరకపోయినా అవే గీతల్లో అలజడి పుడుతుంది. దాన్నే పరికరం కాపీ రక్షణగా భావిస్తుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

సందేశం ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం సమస్య తేలిపోతుంది.

• ఒకే క్యాసెట్‌లో, ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే ఆ భాగంలో టేపు దెబ్బతిన్నట్లు భావించాలి.
• అన్ని క్యాసెట్లకూ వస్తుంటే వీసీఆర్ హెడ్, కేబుల్, క్యాప్చర్ పరికరాలను అనుమానించాలి.
• మొదట్లోనే వస్తుంటే టేపు ఆరంభంలోని ఖాళీ భాగం కారణం కావచ్చు. బొమ్మ స్థిరపడ్డాకే రికార్డింగ్ ప్రారంభించాలి.

ఏ క్రమంలో సరిచేయాలి?

ముందుగా క్యాసెట్ కిటికీలోంచి టేపును పరిశీలించాలి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు కావచ్చు. బెంగాల్ వంటి తేమ ప్రాంతాల్లో ఇది సాధారణమే. అలాంటి టేపును శుభ్రం చేయించకుండా వేస్తే బూజు వీసీఆర్‌కూ, దాని నుంచి ఇతర క్యాసెట్లకూ అంటుతుంది.

టేపు బాగుంటే చివరి వరకూ ఒకసారి ముందుకు, మళ్లీ వెనక్కు తిప్పాలి. దీంతో బిగువు సమంగా సర్దుకుంటుంది. తర్వాత వీసీఆర్ హెడ్ శుభ్రం చేయించి, బొమ్మలో చారలు పోయే వరకూ ట్రాకింగ్ సరిచేయాలి. అప్పటికీ ఫలితం లేకపోతే మరో వీసీఆర్‌లో వేసి చూడాలి. ఒక యంత్రంలో తడబడిన టేపు మరోదానిలో సాఫీగా నడవడం తరచూ జరిగేదే.

సాఫ్ట్‌వేర్‌లో ‘పాల్’ పద్ధతి ఎంచుకున్నారో లేదో కూడా చూడాలి. భారత్‌లో తీసిన వీడియోలు 625 గీతల పాల్ పద్ధతివి. అమెరికా నుంచి బంధువులు పంపినవి 525 గీతల ‘ఎన్‌టీఎస్‌సీ’ కావచ్చు.

ఇవేవీ పనిచేయకపోతే ‘టైమ్ బేస్ కరెక్టర్’ ఉన్న స్టూడియోను ఆశ్రయించాలి. పూర్తి ఫ్రేమును సరిచేసే రకం పరికరం చెదిరిన సమయ సంకేతాలను తొలగించి, కొత్తవి జోడిస్తుంది. క్యాసెట్ నకలుకు నకలు అయితే, పెళ్లి తీసిన వీడియోగ్రాఫర్ వద్ద అసలు టేపు ఉందేమో విచారించడం మేలు.

చట్టం ఏమంటోంది?

1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్న వ్యక్తే తొలి హక్కుదారు. అందులో జోడించిన సినిమా పాటల హక్కులు మాత్రం వాటి యజమానులవే. ఇంట్లో దాచుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో అందరికీ చూపించడం వేరు. కొన్న సినిమా క్యాసెట్లలోని రక్షణ నిజమైనది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో దాన్ని ఛేదిస్తే, 2012 సవరణతో చేర్చిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి.

ఆలస్యం ఎందుకు తగదు?

జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016లో వీసీఆర్‌ల తయారీని నిలిపివేసింది. ఇప్పుడు అందుబాటులో ఉన్నవి పాత యంత్రాలే. మరమ్మతు తెలిసినవారూ తగ్గిపోతున్నారు.

డిజిటల్ ఫైలు సిద్ధమయ్యాక రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి. డీవీ రూపంలో గంట వీడియోకు సుమారు 13 గిగాబైట్ల స్థలం అవసరం. తేదీ, ఊరు, వీడియోలో కనిపించే వారి పేర్లు, బంధుత్వాలు కూడా రాసి ఉంచాలి. క్యాసెట్‌లోని ముఖాలను గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే ఆ పని పూర్తిచేయాలి.