కంపెనీ కారు పుట్టుపూర్వోత్తరాలు

పెద్ద కంపెనీ ఎండీకి జీతంతో పాటు బంగళా, కారు, డ్రైవరు, క్లబ్బు సభ్యత్వం ఎందుకిస్తారు? హోదా కోసమని అనుకుంటాం. కానీ మన దేశంలో ఈ సౌకర్యాలు బాగా వేళ్లూనింది, జీతాల్లో న్యాయం ఉండాలని ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టిన కాలంలోనే.

1955లో ఆవడి కాంగ్రెస్ సభ సామ్యవాద తరహా సమాజం కావాలని తీర్మానించింది. మరుసటి ఏడాది వచ్చిన కంపెనీల చట్టం, పబ్లిక్ కంపెనీ యాజమాన్యానికి ముట్టే మొత్తం ప్రతిఫలం నికర లాభంలో 11 శాతం మించరాదంది. ఆపైన పన్నులు పెరిగాయి. 1970ల మొదట్లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతానికి చేరింది. ఆ శ్లాబులో ఉన్న అధికారికి జీతం వంద రూపాయలు పెంచితే ఇంటికి చేరేది రెండుంపావలా! ఆ వందనే కంపెనీ ఫ్లాటు అద్దెకో, పెట్రోలుకో ఖర్చు పెడితే చాలావరకు ఆయనకే దక్కేది. జీతాల పట్టికలో మాత్రం అధికారికీ, గుమస్తాకూ మధ్య దూరం తగ్గినట్టే కనిపించేది.

బ్రిటన్‌లోనూ ఇదే కథ. 1975లో ప్రధాని విల్సన్ ప్రభుత్వం వారానికి 6 పౌండ్లకు మించి జీతం పెంచొద్దంది. ఏడాదికి 8,500 పౌండ్లు దాటినవారికి అసలు పెంపే లేదు. కంపెనీలు జీతానికి బదులు కార్లిచ్చాయి.

ఆ పరిమితుల ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. చేతికిచ్చే డబ్బును లెక్కించి, అనుభవించే సుఖాన్ని చాలావరకు వదిలేయడమే లోపం. 2005లో మన దగ్గర ఉద్యోగులకిచ్చే సౌకర్యాలపై కంపెనీలే కట్టేలా ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను తెచ్చారు, 2009లో ఎత్తేశారు.

అంతకన్నా మేలైన పని 2013 కంపెనీల చట్టం చేసింది. ప్రతిఫలమంటే సౌకర్యాలు కూడా కలిపేనని నిర్వచించింది. ప్రతి డైరెక్టరు ప్రతిఫలం ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఎన్ని రెట్లో లిస్టెడ్ కంపెనీలు ఏటా వెల్లడించాలంది. ఇందులోనూ కంతలున్నాయి. ఆఫీసు పనికీ, సొంతానికీ కలిపి వాడే కారుకు అసలు ఖర్చు కాక, ఆదాయపు పన్ను నిబంధనల్లోని స్థిర మొత్తాన్నే విలువగా కడతారు. కాంట్రాక్టరు కింద పనిచేసేవారు ఆ మధ్యస్థ జీతం లెక్కలోకే రారు.

మీకు షేర్లున్న కంపెనీ వార్షిక నివేదికలో డైరెక్టర్ల నివేదిక అనుబంధాలు తిరగేయండి. ఆ నిష్పత్తి అక్కడే ఉంటుంది. సౌకర్యాలకు అసలు ఖర్చు ఎంతయిందో వాటాదారుల సమావేశంలో అడగండి.