సర్పగంధ: ఒక వేరు చరిత్ర

తూర్పు కనుమల తేమగల అడవులలో, చెట్ల నీడను, మోకాలెత్తు మొక్క యొకటి పెరుగును. కణుపునకు మూడేసి ఆకులు. ఎర్రని కాడలపై తెల్లని పూలగుత్తులు. సంస్కృతమున దీనిని సర్పగంధ యనియు, తెనుగున పాతాళగంధి యనియు నందురు. పూవు చూడ ముచ్చటయే గాని, విలువ యంతయు మట్టిలోని చేదువేరునందు కలదు.

పూర్వులు ఈ వేరును పాముకాటునకును, జ్వరమునకును, నిద్రలేమికిని, ఉన్మాదమునకును వాడిరి. బీహారు ప్రాంతమున దీనిని 'పాగల్ కీ దవా', అనగా పిచ్చికి మందు, అను పేర అమ్మెడివారు. శాస్త్రజ్ఞులు దీనిని 'రావుల్ఫియా సర్పెంటైనా' యందురు. పదునారవ శతాబ్దపు జర్మను వైద్యుడగు రావుల్ఫు పేర ఈ మొక్కల జాతికి 1703లో ప్లూమియే అను ఫ్రెంచి పండితుడు ఆ నామమిడెను. రావుల్ఫు భారతదేశమున అడుగిడినవాడు కాడు. పేరు వారిది, వేరు మనది!

1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ గారలు ఈ వేరు ఉన్మాదమును శమింపజేయుననియు, రక్తపు పోటును తగ్గించుననియు ప్రకటించిరి. ఆ యేటనే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ గారలు ఇందలి సారములను వేరుపరచి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గారి స్మృత్యర్థము 'అజ్మలీన్' అని పేరిడిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ గారు తమ యనుభవమును ఇంగ్లండు పత్రికలో ప్రచురించిరి. 1952లో స్విట్జర్లండులోని సీబా సంస్థవారు 'రిసర్పిన్' అను మందును వెలికిదీసిరి. ఆ మందుచే కదలిక కోల్పోయిన కుందేళ్లపై స్వీడనులో కార్ల్‌సన్ పండితుడు 1957లో జరిపిన పరిశోధన, పార్కిన్సన్ అను వణుకుడు జబ్బు చికిత్సకు దారి చూపెను. ఆయనకు 2000లో నోబెల్ బహుమానము లభించెను.

అయితే ఈ కథకు రెండవ పుట కలదు. వేరు త్రవ్విన మొక్క మిగులదు. గిరాకి పెరిగినకొలది అడవులలో మొక్క తరిగిపోయెను. 1990 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారమునకు అనుమతిపత్రములు అవసరమైనవి. మందునందును దోషములు బయటపడినవి: రక్తపు పోటు మితిమీరి పడిపోవుట, మనస్సు క్రుంగిపోవుట. కావున నేడు వైద్యులు దీనిని అరుదుగా వాడుదురు. పాము కరచినపుడు మాత్రము ఏ వేరునూ నమ్మి కాలము పుచ్చరాదు. ఆసుపత్రిలోని విషపు విరుగుడు సూదిమందే శరణ్యము.

మన పెద్దలకు తెలిసిన మూలికలు ఇంకెన్నియో కలవు. వాని పేరు, దొరకు చోటు, వాడుక, వానివలన కలిగిన కీడు సహా ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచుట మేలు. జమ వ్రాసి ఖర్చు విడిచినది లెక్క కాదు. గుణము వ్రాసి దోషము విడిచినది వైద్యమును కాదు.