తీగను మోసిన చరిత్ర

కోలారు బంగారు గనుల విద్యుత్ కథ చెప్పేవారు కరెంటు వచ్చిన 1902ను, అది పుట్టిన శివసముద్రం జలవిద్యుత్ కేంద్రాన్ని, మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్‌ను తలచుకుని ఆగిపోతారు. నా లెక్కలో అసలు ఘనత కరెంటు పుట్టించడంలో కన్నా, దాన్ని మోసే తీగను పడిపోకుండా నిలపడంలో ఉంది. శివసముద్రం నుంచి గనుల దాకా సుమారు 147 కిలోమీటర్ల దూరం ఆ తీగ స్తంభాల మీదే నడిచొచ్చింది.

గనిలోకి దిగాక చిక్కు మారుతుంది. కోలారులోని ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. నిట్టనిలువు షాఫ్ట్‌లో వేలాడే కేబుల్‌కు తన బరువే శత్రువు. పైన ఒక్కచోట కట్టి వదిలితే రాగి సాగుతుంది, తొడుగు చిట్లుతుంది. దారి పొడవునా క్లాంపులు కావాల్సింది అందుకే. రాతి పేలుళ్లకు పేరుమోసిన గనుల్లో ఏ క్లాంపు ఆగుతుందని అడగవచ్చు. నిజమే, బండ విరిగిపడితే ఏదీ ఆగదు. కానీ పట్లు అనేకమైతే ఒకటి ఊడినా పక్కవి బరువు పంచుకుంటాయి. ఒక్క ముడినే నమ్మితే మొత్తం జారుతుంది. గని సంగతి మనకెందుకంటారా? 2005లో ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో ఇద్దరు అగ్నిమాపక సిబ్బందిని బలిగొన్న అపార్ట్‌మెంట్ మంటల్లో, ప్లాస్టిక్ ఆసరా కరిగి ఊడిపడ్డ తీగలు దారికి అడ్డుపడ్డాయి. మీ భవనంలో కేబుళ్లను పట్టి ఉంచింది లోహమో ప్లాస్టిక్కో ఎలక్ట్రీషియన్‌తో ఓసారి చూపించండి.