ఫోన్ చూస్తే పసిపిల్లలకు మాటలు వస్తాయా?

అన్నం తినిపించేటప్పుడు పిల్లాడి చేతికి ఫోన్ ఇవ్వడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. పిల్లాడు ఏడవడు, గిన్నె ఖాళీ అవుతుంది, అమ్మీకి కాస్త ఊపిరి దొరుకుతుంది. పైగా రైమ్స్, ఏబీసీడీలు నేర్చుకుంటున్నాడు కదా అని ఒక ధైర్యం. ఆ ధైర్యంలో నిజమెంత అన్నది పిల్లాడి వయసును బట్టి ఉంటుంది.

రెండేళ్లలోపు పిల్లలు తెర మీద చూసి నేర్చుకునేది చాలా తక్కువ. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం ప్రచురించిన ప్రయోగం దీన్ని బాగా చూపించింది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలకు 12 సార్లు చైనా వాళ్ల మాండరిన్ భాష వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ, కథలు చదువుతూ మాట్లాడింది. మరికొందరికి అవే మాటలు వీడియోలో, ఇంకొందరికి ఆడియోలో మాత్రమే. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకున్నారు. వీడియో, ఆడియో పిల్లలు పట్టుకోలేకపోయారు. కారణం పెద్దలకు తెలిసిందే. పాప నవ్వితే నానీ నవ్వుతుంది, పాప పిల్లిని చూస్తే నానీ కూడా అటు చూసి దాని పేరు చెబుతుంది. వీడియో పాపను చూడదు.

ఎవరూ చూడకపోయినా హాల్లో టీవీ నడుస్తూనే ఉండటం ఇంకో సంగతి. పిల్లల దగ్గర చిన్న రికార్డర్లు పెట్టి చేసిన ఒక అమెరికా పరిశోధన 2009లో వచ్చింది. టీవీ శబ్దం వినిపించే సమయంలో పెద్దవాళ్ల మాటలు, పిల్లల కూతలు రెండూ తగ్గినట్టు తేలింది.

మూడేళ్లు దాటాక లెక్క మారుతుంది. జాగ్రత్తగా తయారుచేసిన కార్యక్రమాలు అక్షరాలు, అంకెలు నేర్పగలవు. 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ అందుకే పుట్టింది, 2006లో అది గలీ గలీ సిమ్ సిమ్‌గా భారత్‌కు వచ్చింది. అంతకు చాలా ముందే, 1975-76లో, ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు అందించారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్ నడిచే కుటుంబాలకు ఇంకో చిక్కుంది. కార్టూన్లు ఎక్కువగా హిందీలో ఉంటాయి. శుక్రియా అనాల్సిన పిల్లాడు ధన్యవాద్ అంటాడు, దాదీ నవ్వుకుంటుంది. అది తప్పేమీ కాదు, ఇంకో భాష వస్తే మంచిదే. కానీ ఆ కార్టూన్ టైమంతా దాదీతో మాట్లాడే టైమ్ నుంచే పోతుంటే నష్టం ఇంటి భాషకే. బంగ్లాదేశ్ 2013లో హిందీ డోరేమాన్ ప్రసారాన్ని ఆపేసింది కూడా పిల్లలు బెంగాలీ వదిలి హిందీ మాట్లాడుతున్నారనే కారణంతోనే.

ఎంతసేపు చూడొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది లోపు అసలు వద్దు, ఏడాది పిల్లలకూ మంచిది కాదు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఇంకా తగ్గితే మేలు.

అబ్బా సౌదీలోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్లు ఇక్కడ కంగారు పడక్కర్లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016 సూచనల్లో ఏడాదిన్నర లోపు వారికి కూడా వీడియో కాల్‌ను మినహాయించింది. కాల్‌లో అబ్బా పేరు పెట్టి పిలుస్తాడు, పాప చేతిలో ఏముందో అడుగుతాడు, జవాబు కోసం ఆగుతాడు. రెండేళ్లు దాటిన పిల్లలు ఇలాంటి కాల్‌లో కొత్త మాటలు నేర్చుకోగలరని 2014లో వచ్చిన పరిశోధన చూపింది. ముందే రికార్డు చేసిన వీడియోతో అది జరగలేదు. అమ్మీయో ఖాలాయో పక్కన కూర్చుని అబ్బా మాటను అందిస్తుంటే ఇంకా మంచిది.

మాట ఆలస్యమైన ప్రతిసారీ తప్పు ఫోన్‌దే అనుకోవడం కూడా ప్రమాదమే, వినికిడి లోపం ఉండొచ్చు. ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినా డాక్టర్‌కు చూపించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే సత్వర చికిత్స కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ టీచర్‌ను గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగితే దారి చెబుతారు.