సీతమ్మ కథ నుంచి పొదుపు సంఘం దాకా

స్వచ్ఛంద సంస్థల విలువలు నియమావళి నుంచే పుట్టవు. సభ్యులు కలిసి చెప్పుకునే కథలూ వాటిని రూపొందిస్తాయి. 2022 దాకా చిత్తూరుకు పొరుగున ఉండిన నెల్లూరు జిల్లా అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ.

1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. ప్రభుత్వ యంత్రాంగంతోపాటు జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు కళాజాతాలతో ఊళ్ళు తిరిగారు. రాత్రి కేంద్రాల్లో చదివిన పాఠాల్లో ‘సీతమ్మ కథ’ ఒకటి. ఊరి స్త్రీలను కూడగట్టి సారా దుకాణం మూయించిన స్త్రీ కథ అది. దానికి స్త్రీలు తమ ఇళ్ళ కథలను జోడించారు: సారాకు పోయిన కూలి డబ్బు, దెబ్బలు, పస్తులు. ఇంటి గుట్టు అనుకున్నది ఊరి సమస్యగా తేలింది. దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఉద్యమం చిత్తూరుతో సహా పలు జిల్లాలకు పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కార్యకర్తలు వెళ్ళింది అక్షరాలు నేర్పడానికి. పోరాటాన్ని ఎంచుకున్నది స్త్రీలు. కథను సంస్థ అందించవచ్చు, దాని అర్థాన్ని తేల్చేది పంచుకున్నవారే. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. కానీ రోజుకో రూపాయి దాచుకోవడంతో నెల్లూరు స్త్రీలు మొదలుపెట్టిన పొదుపు సంఘాలు నిలిచాయి. మీ ఊరి సంఘం ఎలా పుట్టిందో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి.