ఎవరూ తీయని సినిమా: హైదరాబాద్ సిటీ పోలీస్

ఫిల్మ్‌నగర్‌లో కథల మీద బతుకుతున్నవాణ్ణి. టైటిల్స్‌లో ‘కథా సహకారం’ కింద నలుగురితో కలిపి నా పేరు పడుతుంది, మీరు కూల్‌డ్రింక్ మూత తీసేలోపు వెళ్లిపోతుంది. సిటింగుల్లో ‘స్పోర్ట్స్ సబ్జెక్ట్ ఏదైనా ఉందా’ అని ఎవరైనా అడిగితే నేను ఎత్తేది ఒకటే: 1950ల నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు. టీలు వచ్చేలోపు ఆ ప్రస్తావన అయిపోతుంది. ‘బావుంది గురువుగారూ, కానీ మనవాళ్లకి ఫుట్‌బాల్ ఎక్కదండీ’ అంటారు. కబడ్డీ ఎక్కింది, 2003లో ‘ఒక్కడు’ చూశాం. రగ్బీ అంటే ఏమిటో తెలియని జనానికి 2004లో ‘సై’ ఎక్కింది. 2019లో ‘జెర్సీ’కి ఏడ్చారు. ఫుట్‌బాల్ మాత్రం అదే ఏడాది తమిళం నుంచి ‘విజిల్’గా డబ్ అయి వచ్చింది.

విచిత్రమేమిటంటే మా పరిశ్రమకు పోలీస్ గ్రౌండ్స్ కొత్త కాదు. జూబ్లీహిల్స్ దిగి యూసుఫ్‌గూడ వెళితే బెటాలియన్ మైదానం ఉంటుంది. ప్రీ రిలీజ్ ఈవెంట్లు అక్కడే పెడతారు. క్రేన్ కెమెరాలు, ఎల్ఈడీ తెరలు, పాసులు దొరక్క గేటు దగ్గర తోపులాట, మధ్యలో లాఠీలు పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుళ్లు. అలాంటి కానిస్టేబుళ్లూ ఎస్సైలూ మైదానంలోకి దిగితే కలకత్తా క్లబ్బులు భయపడిన రోజులున్నాయని, స్టేజీ మీద మైకు పట్టుకున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ రోజుల్లో దేశంలో పెద్ద కప్పులు డ్యూరాండ్, రోవర్స్. డ్యూరాండ్ సిమ్లాలో తెల్ల సైనికుల కోసం 1888లో మొదలైంది, రోవర్స్ బొంబాయిది. 1940 తర్వాత యుద్ధమూ విభజనా వచ్చి డ్యూరాండ్ ఆగిపోయింది. మళ్లీ 1950లో ఢిల్లీలో పెట్టారు. అంటే స్వతంత్ర భారతంలో మొదటి డ్యూరాండ్. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి దాన్ని గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది. సంస్థానం పోయింది, కొలువులు తారుమారయ్యాయి, పాతబస్తీ ఇళ్లలో దిగులు. రెండేళ్లు తిరిగేసరికి అదే ఊరి పోలీసులు దేశ రాజధానికి వెళ్లి దేశంలోకెల్లా పేరున్న క్లబ్బును ఓడించి కప్పు తెచ్చుకున్నారు. ఇంటర్వెల్ దగ్గర ఏం పడాలో నాకు వేరే చెప్పక్కర్లేదు.

రోవర్స్ సంగతి ఇంకా ఘనం. 1950, 51, 52, 53, 54: వరుసగా ఐదేళ్లు కప్పు హైదరాబాద్ పోలీసులదే. డ్యూరాండ్ 1954లో మళ్లీ, 1957లో మరోసారి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, 1961లో ఆ పేరుతోనూ డ్యూరాండ్ కొట్టింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్ గెలిచింది. మా నిర్మాతలకు ఈ జాబితా చదివితే ‘అన్నీ గెలుపులే అయితే కథేముంది’ అంటారు. అది మాత్రం న్యాయమైన ప్రశ్నే.

కథ సయ్యద్ అబ్దుల్ రహీమ్ దగ్గర ఉంది. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. తను ఆడింది కమర్ క్లబ్‌కు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి చనిపోయేదాకా సిటీ పోలీస్ కోచ్. బడిపంతులు కావడం వల్లనేమో, ఆటను పాఠంలాగే విడగొట్టి చెప్పేవాడు. బంతితో ఒంటరిగా పరుగులు తీసి చప్పట్లు కొట్టించుకోవడం అప్పట్లో గొప్ప. రహీమ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టాడు. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి ఇచ్చేయాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఒక్కసారి ఊహించండి: ఎండ దిగుతున్న మైదానం, డ్యూటీ దిగి వచ్చిన కానిస్టేబుల్, బంతి తన మంచి కాలి ముందుకే వచ్చి ఆగింది, అయినా ఒళ్లంతా తిప్పుకుని చేతకాని కాలితో కొట్టాలి. చుట్టూ నవ్వులు. అలా నెలల తరబడి కొడితే ఆ కాలికీ పదును వస్తుంది. అప్పుడు ఎదుటివాడు ఏ పక్క కాపు కాయాలో తేల్చుకోలేడు.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీమ్ శిక్షణలో భారత్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లు చాలామంది ఇంకా వట్టి కాళ్లతోనే ఆడుతున్న కాలం అది, అక్కడేమో వణికించే చలి. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ ఒలింపిక్స్ గెలిచింది హంగరీ. రహీమ్ ఆ హంగరీ ఆటను శ్రద్ధగా చూశాడు. వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు ఉండే పద్ధతితో 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచి దానికి లోకమంతా పేరు తెచ్చింది. రహీమ్ అంతకు ముందు నుంచే తన జట్లను ఆ దారిలో నడిపిస్తున్నాడు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనల్‌కు చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటికీ అదే అత్యుత్తమం. ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఆట నేర్చిన పేర్లు కొన్ని: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరామ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. అజీజ్, నూర్ ఇద్దరూ పోలీస్ జట్టు స్తంభాలు, హెల్సింకిలోనూ ఆడారు.

వీళ్లలో బలరామ్ కథ వేరే సినిమా. సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళం మాట్లాడే పేద కుటుంబంలో 1936లో పుట్టాడు. కుర్రాడి ఆట చూసి రహీమ్ శిక్షణకు రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ దాకా రోజూ రావడానికి డబ్బు లేదన్నాడు కుర్రాడు. అద్దె సైకిల్‌కు రహీమ్ డబ్బులిచ్చాడు. అంతే సీను. మా డైలాగ్ రైటర్ అయితే ఇక్కడ రెండు పేజీలు రాసేవాడు. ఆ సైకిల్ తొక్కిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించాడు, జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవైల్లోనే ఆట మానేయాల్సి వచ్చింది. తర్వాత బెంగాల్‌లోనే ఉండిపోయాడు, 2023లో పోయాడు.

జకార్తా అంటే 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడం మీద మన దేశపు ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన జట్టును చూస్తే చాలు అరిచి గోల చేశారు. ఫైనల్లో దక్షిణ కొరియా. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరసలో ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో స్వర్ణం. అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న చనిపోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ స్వర్ణం గెలవలేదు.

రహీమ్ కథనే బొంబాయివాళ్లు ‘మైదాన్’ అని తీశారు. అజయ్ దేవగణ్ రహీమ్ అయ్యాడు, రెహమాన్ సంగీతం. మధ్యలో కరోనా వచ్చింది, 2021లో తౌక్తే తుఫాను సెట్‌ను దెబ్బతీసింది. చివరికి 2024 ఏప్రిల్‌లో విడుదలైంది, డబ్బులు రాలేదు. ఫిల్మ్‌నగర్‌లో అదీ నాకు ఎదురు తిరిగింది: ‘చూశారా, మేం ముందే చెప్పాం’. ఆ సినిమాలో చివరి మ్యాచ్‌లు ఒళ్లు జలదరించేలా తీశారు, కాదనను. కానీ అది ఒక్క మనిషి సినిమా. రహీమ్‌ను రహీమ్‌ను చేసిన పోలీస్ జట్టుకు అందులో చోటు లేదు. పొద్దున కవాతు, పగలు డ్యూటీ, సాయంత్రం ఆట. గెలిస్తే కప్పు డిపార్ట్‌మెంట్‌ది, జీతం మాత్రం అదే. నా దృష్టిలో అసలు కథ అక్కడుంది.

పోలీసులు ఫుట్‌బాల్ క్లబ్ నడపడం మన ఒక్కరి వింతేమీ కాదు. సోవియట్ దేశంలో డైనమో పేరున్న క్లబ్బులన్నీ అక్కడి పోలీసు, భద్రతా శాఖల నీడలో పెరిగినవే. బెలారస్ రాజధాని మిన్స్క్‌లో 1927లో పుట్టిన డైనమో, మాస్కో, కీవ్ క్లబ్బులను దాటి 1982లో సోవియట్ లీగ్ గెలిచింది. ఆ క్లబ్ నేటికీ ఉంది, ఆడుతోంది, ఆ 1982 జట్టును ఊరు మరిచిపోలేదు. మన పోలీసులు అలాంటి గెలుపులు దశాబ్దం పాటు గెలిచారు. ఊరికి గుర్తు లేదు.

ఎందుకు గుర్తు లేదంటే నాకు తోచిన కారణం ఒకటుంది. ఆ ఆటగాళ్లు ఎక్కువమంది ఇంట్లో ఉర్దూ మాట్లాడినవాళ్లు, కొందరు కంటోన్మెంట్ తమిళులు. వాళ్లు రోవర్స్ గెలిచేనాటికి తెలుగు సినిమా మద్రాసులో ఉంది, జూబ్లీహిల్స్ ఇంకా బండరాళ్ల గుట్ట. అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది డెబ్బైల నడుమ. మిగతావాళ్లం మద్రాసు నుంచో, నాలాగా తెనాలి వైపు నుంచో ఆ తర్వాత ఒక్కొక్కరం చేరాం, కృష్ణానగర్ గదుల్లో సర్దుకున్నాం. మేం గుట్ట ఎక్కేసరికి వాళ్ల ఆట అయిపోయింది. మా తాతలు చెప్పిన కథల్లో వాళ్లు లేరు, వాళ్ల ఇళ్లలో ఆ కథలు ఉర్దూలో నడిచాయి. ఒకే ఊళ్లో ఉండి ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పోయింది.

రహీమ్ పోయాక జట్టు ఒక్కసారిగా ఏమీ కూలలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ తెచ్చింది. ఆ జట్టులోని హబీబ్‌ను కలకత్తా పట్టుకుపోయింది, నయీముద్దీన్ కూడా అటే వెళ్లాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీమే కెప్టెన్. హబీబ్‌ను బెంగాలీలు ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకున్నారు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. అందులో ఒక గోల్ మన హబీబ్‌ది. కలకత్తాలో డబ్బుంది, లక్షమంది కేకలున్నాయి. ఇక్కడ పోలీసు జీతం ఉంది. ఎవరిని తప్పుపడతాం? మన ఊళ్లో మైదానాలూ ఒక్కొక్కటే తగ్గాయి. ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయింది, అక్కడ ఇప్పుడు సభలు, ప్రమాణ స్వీకారాలు. సినిమా హీరోలు కూడా సరదాకు లీగ్ పెట్టుకుంటే క్రికెట్టే ఆడతారు.

ఒకసారి మాత్రం మా వీధికి ఫుట్‌బాల్ వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టింది, రానా దగ్గుబాటి అందులో భాగస్వామిగా చేరాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. గచ్చిబౌలి మ్యాచ్‌లకు నేనూ వెళ్లాను. పసుపు జెర్సీల కుర్రాళ్లు డప్పులు కొడుతుంటే, ఇంక నా కథకు రోజులొచ్చాయనుకున్నాను. తర్వాత డబ్బు చిక్కులు వచ్చాయి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

నా స్క్రిప్ట్ జకార్తాతో ముగియదు, అసలు జకార్తా దాకా వెళ్లదు. 1950లో మొదలై 1954లో ఐదో రోవర్స్ కప్పుతో ఆగుతుంది. అందులో హీరో ఒకడు కాదు, పదకొండు మంది. అందుకే ఎవరూ తీయరని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను, దానికి మీ సాయం కావాలి. మీ తాత గానీ, మీ పక్కింటి పెద్దాయన గానీ ఆ రోజుల్లో సిటీ పోలీసులో పనిచేసి ఉంటే ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఒకసారి తెరిచి చూడండి. కప్పు ముందు పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చున్న గ్రూప్ ఫొటో ఏదైనా దొరికితే, గుర్తుపట్టగలిగేవాళ్లు ఉండగానే ఎడమ నుంచి కుడికి పేర్లు అడిగి ఫొటో వెనక రాయించండి.