మడోనియె కొండలలో మోటారు పందెము

కనుమదారిలో మోటారు నడపుటయందు ఒక ప్రత్యేకానందము కలదు. తిన్నని బాటపై యంత్రబలమే ప్రధానము. మెలికల బాటపైననో, వేగమును ఎచట విడువవలయునో, ఎచట మరల అందుకొనవలయునో ఎఱుగుటయే విద్య. ఈ విద్యకు ఐరోపాలో 70 సంవత్సరములకు పైగా పరీక్షాస్థలమై నిలిచిన పందెమును గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఆ పందెము పేరు టార్గా ఫ్లోరియో. టార్గా యనగా ఫలకము. ఇటలీ దేశపు దక్షిణమున సిసిలీ ద్వీపము కలదు. అచట ద్రాక్షాసవపు వర్తకమువలనను, ఓడల వ్యాపారమువలనను ప్రసిద్ధికెక్కిన కుటుంబమువాడు విన్సెంజో ఫ్లోరియో. ఆయన తన ద్వీపములోని మడోనియె కొండల చుట్టును 1906 మే 6వ తేదీన ఈ పందెమును ప్రారంభించెను. నాడు బయలుదేరిన కార్లు 10. బండ్లును కంచరగాడిదలును నడచు ఆ దుమ్ముబాటపై సుమారు 446 కిలోమీటర్లు పోవుటకు, ఇటాలా కారు నడపి గెలిచిన అలెస్సాండ్రో కాన్యోకు తొమ్మిదిన్నర గంటలు పట్టెను. అనగా గంటకు 47 కిలోమీటర్లు మాత్రమే!

1932లో ఈ దారిని 72 కిలోమీటర్ల చుట్టుగా కుదించిరి. చెర్డా గ్రామము వద్ద కొండ ఎక్కి, కాల్తవుతూరో, కొల్లెసానో గ్రామముల మీదుగా తిరిగి, సముద్రతీరమునకు దిగవలయును. తీరమున ఆరేడు కిలోమీటర్లు మాత్రమే తిన్నని బాట. మిగిలినదంతయు మలుపులే, ఒక్క చుట్టులో 800కు పైగా నుండెను. మలుపునకు ముందే వేగము తగ్గించి, గేరు మార్చి, లోపలి అంచును తాకునట్లు కారును మరలించి, దారి తెఱచుకొనగానే వేగమును పెంచవలయును. ఒక మలుపు ముగింపే వేఱొక మలుపునకు ఆరంభము. తాళము తప్పని పాటవలె ఇది సాగినప్పుడు కలుగునదియే ఆ ఆనందము.

ఇన్ని మలుపులను జ్ఞాపకముంచుకొనుట సామాన్యమా? పాలెర్మో నగరవాసియగు నీనో వాక్కరెల్లా వృత్తిచే ఉపాధ్యాయుడు. తన సీమ బాటను పాఠమువలె నేర్చిన ఆయన 1965, 1971, 1975 సంవత్సరములలో జయమందెను. గ్రామస్థులు ఆయన పేరును గోడలపై వ్రాసికొనిరి. అయినను 1970లో 5 లీటర్ల ఇంజనుగల ఫెరారీతో వచ్చిన ఆయన జట్టుకు మూడవ స్థానమే లభించెను. మొదటి రెండు స్థానములను 3 లీటర్ల ఇంజనుగల తేలికపాటి పోర్షె కార్లు గైకొనెను. కొండదారిలో బలముకన్న లాఘవమే మేలని ఆనాడు రుజువైనది. ఆ పందెమునందే లియో కిన్నునెన్ ఒక చుట్టును 33 నిమిషముల 36 సెకండ్లలో ముగించెను. అది గంటకు 128 కిలోమీటర్ల వేగము.

కాని ఆ బాట పందెగాండ్రది కాదు, ఊరివారిది. కార్లు వారి గడపల ముందుగనే దూసికొనిపోయెడివి. 1955లో స్టిర్లింగ్ మాస్ కారు దారి తప్పి పొలములో పడగా, ప్రేక్షకులే దానిని బాటపైకి నెట్టిరి. ఆయనయు పీటర్ కాలిన్సును కలిసి ఆ పందెమును గెలిచిరి. అట్టి ప్రేక్షకులలో ఇరువురు 1977లో ఒక కారు అదుపు తప్పుటచే మరణించిరి. దానితో ఆ మహావేగపు పందెము ముగిసెను. పిమ్మట ఆ పేరు ర్యాలీకి మాత్రమే మిగిలెను.

1906లో ఆ మలుపులు కార్ల వేగమును అణచినవి. 1977 నాటికి కార్ల వేగము ఊరివారి ప్రాణములకే ముప్పైనది. కొండదారి ఆనందము మలుపు ఆవల నున్న మనిషిని తలచినంతవరకే ఆనందమని మా అభిప్రాయము.